పాపం కన్నా పాతది

ఎలుకలు చావడం మానేసిన రోజున ల్యాబ్‌లో అందరూ జిలేబీలు పంచుకున్నారు.

చావడం మానేశాయంటే కాస్త ఎక్కువ చేసి చెప్పినట్టే. నరాలు చచ్చుబడి మూలన ముడుచుకుని పడుకోవాల్సిన ముసలి ఎలుకలు పద్నాలుగు, మందు వేసిన మూడో వారానికి లేచి, బోనులోని చక్రం ఎక్కి గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక మీట ఉంటుంది. పని అయిపోయాక ఆ మీట పడుతుంది, కణం ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా తనంతట తాను చచ్చిపోతుంది. ఆ మీట పడకుండా పట్టి ఉంచే మందును తయారు చేయడానికి హెప్సిబాకు తొమ్మిదేళ్ళు పట్టింది. కాగితాల మీద దానికి నోరు తిరగని పేరొకటి ఉంది. ఎలుకల్ని చూసుకునే కుటుంబరావు మాత్రం దాన్ని ‘నిలుపు’ అన్నాడు. ల్యాబంతా అలాగే అనడం మొదలుపెట్టారు.

“యముడి పొట్ట కొట్టారమ్మా మీరు,” అన్నాడు కుటుంబరావు జిలేబీ నములుతూ. “పాపం, ఇక ఆయన దున్నపోతును అమ్ముకోవాలి.”

హెప్సిబా నవ్వింది గానీ ఆమె మనసు అక్కడ లేదు. బాపట్ల దాటాక సముద్రం వైపున్న పాలెంలో ఆమె తల్లి లీదియమ్మకు ముందు వేళ్ళు, తరవాత మోచేతులు, ఇప్పుడు కాళ్ళు పడిపోతున్నాయి. నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. ఏడాది గడిస్తే గొప్ప అన్నారు డాక్టర్లు. నిలుపు సీసా మీద ‘జంతువులకు మాత్రమే’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది, రాసింది కూడా హెప్సిబానే. ఆ శనివారం రెండు సీసాలు టిఫిన్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య పెట్టుకుని బస్సెక్కింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

తండ్రి రెవరెండ్ దేవవరం గారు ఆ సీసాను చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి పట్టి చూశాడు. పాలెం మిషన్ చర్చిలో నలభై ఏళ్ళుగా పాస్టరు. వచ్చే ఏడాది రిటైరవుతాడు.

“ఇది చావును ఆపుద్దా అమ్మా?”

“కణాల చావును ఆపుతుంది నాన్నగారూ.”

“చావు దేవుడికి శత్రువు. ఆదాము పాపం చెయ్యబట్టి లోకంలోకి దూరింది. దాన్ని ఆపేది ఏదైనా దేవుడి పక్షమే,” అని, సీసా పట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆ తరవాత భార్య జబ్బకు ఇంజక్షన్ వేస్తుంటే తనే చెయ్యి పట్టుకున్నాడు.

ఐదు నెలలు బాగా గడిచాయి. లీదియమ్మ మళ్ళీ గ్లాసు పట్టుకుంది. చర్చిలో ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన కోసం ఎండు ద్రాక్షలు ఉడకబెట్టి, గుడ్డలో వేసి పిండింది. పాలెం చర్చిలో రొట్టె కాల్చేదీ, రసం తీసేదీ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమే. అయితే ఆమె ఏనాడూ ఆ రొట్టె నోట పెట్టింది లేదు. బల్ల దగ్గరికి అందరూ వెళ్తుంటే తను బెంచీలోనే తల దించుకుని కూర్చునేది. చిన్నప్పుడు హెప్సిబా అడిగితే, “నాకు పడదులేవే” అనేది. అదేదో అజీర్తి సంగతి అనుకుని ఊరుకుంది ఆ పిల్ల. పెద్దయ్యాక అడగడమే మరిచిపోయింది.

ఆరో నెలలో కుటుంబరావు ఫోన్ చేశాడు. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి గొంతులో ఆ వేళాకోళం లేదు.

మందు వేసిన పడుచు ఆడ ఎలుక ఒకటి ఈనింది. ఏడు పిల్లలు. ఒక్కదానికీ వేళ్ళు లేవు. ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ చిన్న చిన్న గరిటెల్లా ఉన్నాయి.

“లేకపోవడం కాదు, విడిపోలేదు,” అంది హెప్సిబా, ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని. “కడుపులో ఉన్నప్పుడు చెయ్యి మొదట ఇలాగే ఉంటుంది కుటుంబరావు గారూ. మనకైనా అంతే. వేళ్ళ మధ్య ఉన్న కణాలు చచ్చిపోతేనే వేళ్ళు విడతాయి. వీటిలో అవి చావలేదు.”

కుటుంబరావు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. “అంటే ఈ చెయ్యి చావు చెక్కిందా అమ్మా?”

ఆమె ఆ పిల్లను మళ్ళీ తల్లి ఎలుక పక్కన పెట్టింది. సాయంత్రానికి పిల్లలకు ఫిట్స్ మొదలయ్యాయి. మెదడులో కూడా చావాల్సినవి చావలేదు, వాటికి చోటు చాల్లేదు. నాలుగో రోజుకు ఏడూ పోయాయి. ఎలుకలంటే ల్యాబ్‌లో ఎవరూ ఏడవరు గానీ ఆ రోజు కుటుంబరావు అన్నం తినలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాలెం ఇంట్లో, వరండాలో కూర్చుని హెప్సిబా ఆ ఎలుక పిల్లల ఫోటోలు ఫోనులో పెద్దవి చేసి చూస్తోంది. పక్కన కుర్చీలో ఉన్న తల్లి మెడ వంచి చూసింది.

“వాడియ్యీ ఇట్టానే ఉండేయి,” అంది.

“ఎవరివమ్మా?”

“మీ అన్న చేతులు.”

తనకంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి మూడో నెలలో ఫిట్స్ వచ్చి పోయాడని హెప్సిబాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఆ మధ్యాహ్నం మిగిలింది విన్నది.

చేతులు గరిటెల్లా ఉన్న పిల్లాణ్ణి చూసి ఊళ్ళో ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. ఇరవై మూడేళ్ళ లీదియమ్మ పిల్లాడి చేతులకు ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉంచేది. మూడో నెలలో వాడికి మూర్ఛ పట్టుకుంది. భర్త ప్రార్థన చేస్తూనే ఉన్నాడు, పిల్లాడు కొట్టుకుంటూనే ఉన్నాడు. పాస్టరు గారి భార్య మిట్టమధ్యాహ్నం కొంగు కప్పుకుని పక్క ఊరి మంత్రగాడి దగ్గరికి పోయి, ఒక తాయెత్తు కట్టించుకొచ్చింది. కన్నతల్లికి మతమేమిటి, పట్టింపేమిటి! రెండు రోజులకు పిల్లాడు చచ్చిపోయాడు. భూస్థాపనకు ముందు స్నానం చేయిస్తుంటే, సంఘ పెద్దలందరూ చూస్తుండగా ఆ నల్ల దారం దేవవరం గారి చేతికి తగిలింది.

“ఆ దారం పట్టుకుని నా వంక చూశారు. ఏం మాట్టాళ్ళా. సమాధి కాడ మాత్రం చెప్పారు, చావు పాపం ఎంట వచ్చిద్దని. మళ్ళా ఆదివారం నన్ను సంఘం ముందర నిలబెట్టి ఒప్పుకోమన్నారు. ఒప్పుకున్నా. నా పాపం వల్లే నా బిడ్డ పోయాడని నా నోటితోనే అన్నా.”

“అమ్మా, అది...”

“ఆర్నెల్లు బల్లకి దూరం పెట్టారు. అయిపోయినాక రమ్మన్నారు. నేనే పోలా. బిడ్డను చంపుకున్న చేత్తో రొట్టె ఎట్టా పట్టుకునేదే?”

హెప్సిబాకు ఆ క్షణాన తండ్రి మీద పట్టరాని కోపం వచ్చింది. ఆయన లోపల, ఆరాధనలో వేసుకున్న తెల్ల అంగీ మడతపెట్టుకుంటున్నాడు. ఏమీ అనకుండా, అమ్మానాన్నలిద్దరి చేతుల నుంచీ చెరో చెంచాడు రక్తం తీసుకుని బస్సెక్కింది.

ఫలితం వచ్చేలోపు ఇంకో కష్టం వచ్చిపడింది. లీదియమ్మ మెడ కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. చంకలో ఇంకొకటి. గొంతులో ఇంకొకటి, మింగుడు పడకుండా. చావాల్సిన కణాలు చావక పోగుపడుతున్నాయి. దాన్ని పుండు అనండి, రాచపుండు అనండి, పేరేదైనా చావనని మొండికేసిన ఒళ్ళే అది. అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. ఆమెకు ఏదీ మరుపు రావడం లేదు. మనసులో గాయం మానాలన్నా లోపల ఏవో పాత తీగలు తెగిపోవాలి, పాత కణాలు రాలిపోవాలి. నిలుపు వాటినీ పోనివ్వలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ నాటి ఆదివారం ఆమెకు నిన్నటిదయింది, తరవాత ఇవాళ్టిదయింది. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే ఉలిక్కిపడి, “ఒప్పుకుంటన్నానయ్యా, నా పాపం వల్లే,” అని గొణిగేది. పక్క గదిలో దేవవరం గారు వినేవాడు.

“మందు ఆపేద్దామమ్మా,” అంది హెప్సిబా తల్లి మంచం పట్టె మీద కూర్చుని. ఆ మాట అనడానికి ఆమెకు వారం రోజులు పట్టింది. “ఆపితే గడ్డలు పెరగవు. నొప్పి తగ్గుతుంది. కానీ...”

“కానీ పోతా. తెలుసులే.” లీదియమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆపొద్దు. ఇట్టాగే ఉండనీ.”

“ఇంత నొప్పితోనా?”

“పోతే వాడి కాడికే గదా పోయేది. వాడు అడుగుతాడు. నన్నెందుకు చంపావే అమ్మా అంటాడు. ఏం జెప్పను? నాకు మొకం లేదు హెప్సీ.”

హెప్సిబా బయటికి వచ్చి, పెరట్లో మునగచెట్టు కింద నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చావంటే భయపడే వాళ్ళను చూసింది గానీ, చచ్చాక కొడుకు ముఖం చూడాలంటే భయపడే తల్లిని ఆమె ఎక్కడా చూడలేదు.

మర్నాడు ఆ రక్త పరీక్షల ఫలితం వచ్చింది. కాగితం తీసుకుని ఆమె నేరుగా చర్చికి వెళ్ళింది. దేవవరం గారు ఖాళీ చర్చిలో ముందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

“అన్నయ్యలో మీట పుట్టుకతోనే పని చెయ్యలేదు నాన్నగారూ. అందుకే వేళ్ళు విడలేదు, అందుకే ఫిట్స్. అది పాడవ్వాలంటే రెండు వైపుల నుంచీ పాడు జన్యువు రావాలి. అమ్మ మీకు మేనమామ కూతురు. సగం ఆమెది, సగం మీది. తాయెత్తు కట్టేనాటికి ఏడాది ముందే, వాడు కడుపులో పడ్డ రోజే అయిపోయింది ఇదంతా.”

ఆయన కాగితం అందుకోలేదు. “అంటే వాడు పోయింది పాపం వల్ల కాదా?”

“చావు తన పని తను చెయ్యకపోబట్టే పోయాడు. చెయ్యాల్సిన చోట చేసుంటే, వాడు బతికేవాడు.”

“అట్టాంటి మాటలు నాకు చెప్పమాక. చావు మంచిదెట్టా అయిద్ది?” ఆయన గొంతు పెరిగింది. “పాపం వచ్చాకే చావు వచ్చింది. ఆ మాట మీద నిలబడే గదమ్మా నేను ఇన్ని సమాధుల కాడ మాట్టాడింది!”

“ఈ మీట మనుషులకే కాదు నాన్నగారూ. మట్టిలో పురుగుకూ ఉంది. మేం ఆ పురుగులో మీట తీసేసి మనిషిది పెట్టాం, నిక్షేపంలా పని చేసింది. అంటే మనకూ దానికీ ముత్తాత ఒకరే, చావు ఆ ముత్తాతకూ ఉంది. మొదటి మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ళ ముందే చేపలు చచ్చాయి, చెట్లు చచ్చాయి. చావును ఆదాము మీద నెట్టడానికి అప్పటికి ఆయన లేనే లేడు.”

“అయితే పాపం చేసిందేంటి మరి?” ఆయన అడిగింది వాదించడానికి కాదు. చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు. “చావును తేకపోతే, ఇంక పాపం ఏం తెచ్చినట్టమ్మా?”

ఆమె దగ్గర దానికి కాగితం లేదు. “నాకు తెలీదు. కానీ అమ్మ మందు ఆపనివ్వడం లేదు. వాణ్ణి తను చంపలేదని మీరు చెబితే తప్ప ఆపనివ్వదు. నేను చెబితే చాలదు. ఆ మాట అన్నది మీరు.”

ఆయన మూడు రోజులు అన్నం కంచం ముందు కూర్చుని కలిపి, కలిపి, లేచిపోయేవాడు. ఆ మూడు రోజులూ లీదియమ్మ పక్క గదిలో ఒప్పుకుంటూనే ఉంది.

నాలుగో రోజు ఆదివారం. బల్ల ఆరాధన. దేవవరం గారు భార్యను చక్రాల కుర్చీలో తనే తోసుకుంటూ చర్చిలోకి తెచ్చి, ముందు వరసలో పెట్టాడు. ప్రసంగం వేళకు బల్ల వెనక్కి పోలేదు. తెల్ల అంగీ విప్పి మడిచి కుర్చీలో పెట్టి, మెట్టు దిగి, ఒప్పుకోలు చేసేవాళ్ళు నిలబడే చోట నిలబడ్డాడు. చర్చి అంతా గుసగుసలు మొదలయ్యాయి.

“ముప్పై ఎనిమిదేళ్ళ కిందట మా ఆవిడని ఇక్కడ నిలబెట్టాను,” అన్నాడు. “నా బిడ్డ చావుకి ఆమె పాపమే కారణమని మీ అందరి ముందర అనిపిచ్చాను. అది అబద్ధం. వాడి రోగంలో సగం నా రక్తంలోదే. ఇవాళ ఒప్పుకోవలసింది నేను.”

సంఘ పెద్ద కరుణాకరం లేచి నిలబడ్డాడు. మంచివాడే, కానీ ముక్కుసూటి మనిషి. “అయ్యగారూ, మనసు బాగోక అంటున్నారు. చావు పాపం వల్ల వచ్చింది కాదంటే, ఇంక ప్రభువు ఎందుకు చచ్చిపోయినట్టండీ? ఆయన చావుకి అర్థం ఏముందీ?”

దేవవరం గారు తిరిగి భార్య వైపు చూశాడు. హెప్సిబా తండ్రిని చూస్తూ, ఈయన ఇప్పుడు వెనక్కి తగ్గితే ఇక అంతే అనుకుంది.

“మూడు రోజుల్నించీ అదే అడుక్కుంటన్నా కరుణాకరం. నాకు తోచింది చెప్తా, తప్పయితే దేవుడు దిద్దుకుంటాడు. చావు మనకన్నా ముందు నుంచీ ఉంది. చేపకీ ఉంది, చెట్టుకీ ఉంది, దాన్నీ దేవుడే పెట్టాడు. మనిషి తెచ్చింది వేరే ఉంది. తోటలో దొరికిపోగానే మొదటివాడు చేసిందేంటి? నేను కాదు, ఇదిగో ఈవిడ అని పెళ్ళాం వంక వేలు చూపిచ్చాడు. పాపం లోకంలోకొచ్చింది ఆ వేలి మీదుగానే. నేనూ అదే చేశా, బిడ్డ పీనుగ పక్కన నిలబడి. చావుకి నింద అనే ముల్లు పెట్టింది నేను.” ఆయన బల్ల మీది రొట్టె వైపు చూశాడు. “ప్రభువు చావును తీసెయ్యలేదయ్యా, మనం చస్తానే ఉన్నాం గదా. ఆయన తీసేసింది నిందని. ఎవరి వంకా వేలు చూపకుండా తన మీదేసుకుని పోయాడు.”

కరుణాకరం నిలబడే ఉన్నాడు. దేవవరం గారు బల్ల మీది రొట్టె ముక్క తీసుకుని, భార్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“లీదియా, నువ్వు వాణ్ణి చంపలా. నువ్వు వాణ్ణి కాపాడుకుందామని తిరిగావు. నేను ఆ పని కూడా చెయ్యలేదు. నన్ను క్షమించు.”

లీదియమ్మ ఆ రొట్టె వంక చూసింది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామన్నా నీరసానికి చెయ్యి లేవలేదు.

“ఇప్పుడు మింగుడు పడదండీ,” అంది నెమ్మదిగా. “గొంతులో గడ్డ ఉంది గదా. ముందే చెప్పుంటే తినేదాన్ని.”

అందులో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆ మాట దేవవరం గారిని కూల్చేసింది. ఆయన రొట్టె ముక్క చేతిలో పట్టుకునే ఆమె ఒళ్ళో తల పెట్టి, సంఘమంతా చూస్తుండగా పెద్దగా ఏడ్చాడు. చిక్కిపోయిన ఆమె వేళ్ళు ఎలాగో కదిలి ఆయన జుట్టు మీదికి చేరాయి. ఎదురుగా ఉన్న హెప్సిబాకు అది క్షమించడమో, అలసటో తెలియలేదు. ఆ రాత్రే లీదియమ్మ మందు ఆపేయమంది.

తొమ్మిది రోజులు బతికింది. నాలుగో రోజు నుంచీ ఆదివారం సంగతి ఎత్తలేదు. ఏడో రోజు హెప్సిబాను పిలిచి, “వాడికి పేరు పెట్టలేదే. ఏమని పిలవాలో ఏమో,” అని కాస్త నవ్వింది. ఆ నవ్వులో భయం లేదు. తొమ్మిదో రోజు తెల్లవారాక, భర్త గంజి తాగిస్తుంటే రెండు చెంచాలు తాగి, మూడోదానికి నోరు తెరవలేదు.

మందు సంగతి హెప్సిబా ల్యాబ్‌లో తనే చెప్పేసింది. విచారణ వేశారు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. తండ్రికీ మిషన్ బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది, సంగతి తేలేవరకు ప్రసంగవేదిక ఎక్కవద్దని. కాబట్టి లీదియమ్మ భూస్థాపనకు పక్క ఊరి నుంచి చిన్న వయసు పాస్టరొకడు వచ్చాడు. దేవవరం గారు మామూలు చొక్కాతో మగవాళ్ళ మధ్య, పిడికెడు మట్టి పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళలో సమాధికి ఆ వైపున ఆయన నిలబడడం అదే మొదలు.

పాస్టరు పుస్తకం తెరిచి, ఎప్పుడూ చదివే మాటల దగ్గరికి వచ్చాడు. “పాపము ద్వారా మరణము...”

“బాబూ, ఆ ముక్క వదిలెయ్యి,” అన్నాడు దేవవరం గారు.

కుర్రవాడు బిత్తరపోయి పెద్దల వైపు చూశాడు. కరుణాకరం నేల చూపులు చూస్తూ, సరేనన్నట్టు తల ఊపాడు. పేజీ తిప్పిన చప్పుడు వినపడింది. తరవాత పెట్టె దిగింది, మట్టి పడింది, పాట పాడారు.

జనం కదిలిపోతుండగా, చేపలమ్మే రూతమ్మ వాళ్ళకు అడ్డంగా ఎదురొచ్చి ఆయన ముందు నిలబడింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. అంతదూరం నడిచి వచ్చి రొప్పుతోంది.

“అయ్యగారూ, మా పిల్ల నీళ్ళలో పడి పోయినప్పుడు కూడా మీరు ఆ మాటే అన్నారు. ఏం పాపం చేశానా అని ఇరవై ఏళ్ళ నించీ ఎతుక్కుంటన్నా. మరి నాకో?”

 హెప్సిబా తండ్రి మోచెయ్యి పట్టుకుంది. ఆయన మెల్లగా వదిలించుకుని, ఆ ముసలామె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

“నువ్వేం చెయ్యలేదమ్మా,” అన్నాడు. “నేను తప్పు చెప్పా.”

రూతమ్మ ఆయన ముఖంలోకి చూసింది. “మళ్ళీ చెప్పండయ్యా.”

ఆయన మళ్ళీ చెప్పాడు. ఆమె వెనక అప్పటికే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడి ఉన్నారు.